చెయ్యెత్తు

ఓడితే ఏం చేస్తానో నాకు తెలుసు. నా కుడిచేతికి నాకంటే ముందే తెలుసు, అందుకే కూర్చున్నప్పటి నుంచీ దాన్ని ఎడమ చంకలో ఇరికించి పెట్టుకున్నాను. హాలు తలుపుకి నిలువునా ఒక అద్దం పలక, దానిలోంచి చూస్తే మొదటి బల్ల దగ్గర మా మిరియం వీపు, రెండు జడలు, నేలకు అందని రెండు కాళ్లు. పుట్టినప్పుడు గుప్పెడంత కూడా లేదని వాళ్లమ్మ మిరియం అంది, పదేళ్లొచ్చినా ఆ పేరు పోలేదు, సైజూ పెద్దగా మారలేదు, ఘాటు మాత్రం ఈ వారం రోజుల్లో ఇక్కడికొచ్చిన పిల్లలందరూ చూశారు. పన్నెండేళ్ల లోపు పిల్లల చదరంగం పోటీ, ఇది ఆఖరి ఆట. గెలిస్తే కప్పు మాది. డ్రా అయితే ఎదుటి పిల్లాడిది, ఓడితే ఇక చెప్పక్కర్లేదు. తల్లిదండ్రులు ఈ గీత దాటరాదని తలుపుకి కాగితం అంటించారు, గీత మాత్రం ఎక్కడా గీయలేదు, భయపడేవాళ్లు ఎవరి గీత వాళ్లే గీసుకుంటారని కాబోలు. గోడ మీద టీవీలో లోపలి ఆట కనిపిస్తుంది, అక్కడ పావు జరిగితే ఇక్కడా జరుగుతుంది, కింద ఇద్దరి గడియారాలు, ఒకటి నడుస్తుంటే ఒకటి ఆగి ఉంటుంది. పక్క కుర్చీలో ఆ పిల్లాడి తండ్రి, కళ్లజోడాయన, మోకాలు ఊపుతూ బిస్కెట్లు నములుతున్నాడు. కుర్చీలన్నీ ఒకే ఇనుప కడ్డీకి బిగించారు, ఆయన మోకాలు ఊగితే నా వెన్ను ఊగుతుంది. ఆ మోకాలిచిప్ప మీద సుత్తితో ఒక్కటిస్తే ఎలా పగులుతుందో, ఏ చప్పుడొస్తుందో నేను చూడకుండా చెప్పగలను. ఆపండి అని అడగొచ్చు కదా అంటారు. అడగడం నాకు రాదు.

నాకొచ్చింది ఒక్కటే, కొట్టడం. గుద్దుకున్న కార్లు మా షెడ్డుకి వస్తాయి. సొట్టపడిన తలుపు, నలిగిన బానెట్, బుగ్గ లోపలికి పోయిన డిక్కీ. రేకు వెనక ఇనుప దిమ్మ ఆనించి ముందు నుంచి సుత్తితో కొట్టి కొట్టి దాన్ని పుట్టినప్పటి ఒంపుకి తెస్తాను. ఇరవై రెండేళ్లుగా అదే మోత, చెవులు సగం పోయాయి, మిగిలిన సగం ఇంట్లో వాళ్ల మాటలు వినడానికి చాలడం లేదని మా ఆవిడ అంటుంది. పని నేర్పిన మేస్త్రి ఒక మాట అనేవాడు, కొట్టేది పావువంతు, తడిమేది ముప్పావు అని. ప్రతి దెబ్బకీ అరచేత్తో రేకుని తడిమి చూసుకోవాలి, కంటికి కనపడని సొట్ట చేతికి దొరుకుతుంది. ఒక్క దెబ్బ ఎక్కువైనా రేకు సాగిపోతుంది, సాగిన రేకు ఇక చచ్చినా మాట వినదు, ఇటు నొక్కితే అటు టప్పుమంటుంది, అటు నొక్కితే ఇటు. అలా సాగదీసిన కుర్రాళ్లని నేను షెడ్డులోంచి మెడపట్టి గెంటేశాను. రేకు విషయంలో నా చేత ఒక్క దెబ్బ ఎక్కువ పడిందని అనేవాడు ఇంతవరకు పుట్టలేదు. పన్నెండో ఎత్తు. పిల్లాడు ఏనుగుని ముందుకు తెచ్చాడు. మా మిరియం ఆలోచిస్తోంది, ఆలోచించేటప్పుడు కాళ్లు ఊపుతుంది, ఇవాళ ఊపడం లేదు.

చదరంగంలో కూడా కొట్టడమే అంటాం. గుర్రంతో బంటుని కొట్టు, ముందు కొట్టించుకుని తర్వాత కొట్టు, ఏనుగు ఊరికే వస్తుంటే ఎందుకు కొట్టలేదే అని. ఐదేళ్లప్పుడు మా వంటగది గచ్చు మీద బోర్డు పరిచి నేర్పాను, నెల తిరిగేసరికి నన్నే ఓడించింది, ఆ రోజు దాన్ని భుజాల మీద ఎక్కించుకుని వీధంతా తిప్పాను, అది కూడా నేనే, ఎవరూ ఆ సంగతి చెప్పరు. ఆరేళ్లప్పుడు ఒక మొద్దబ్బాయి చేతిలో ఓడింది, తప్పు పావు ముట్టుకుంది, ముట్టుకున్నాక ఆడి తీరాలి కదా, మంత్రి పోయింది. బయట సైకిల్ స్టాండు దగ్గర చెంప మీద ఒక్కటిచ్చాను. జీవితంలో మొదటిది. మరుసటి వారం ఐదుకి ఐదూ గెలిచింది. దెబ్బకు దయ్యం వదులుతుందంటారు, దయ్యం వదిలింది, పైగా కప్పు కూడా వచ్చింది, ఇక నేను ఎవడు చెప్పినా వింటానా. పేపరాయన వచ్చి, నీకు ఆట ఎవరు నేర్పారమ్మా అని అడిగితే, మా నాన్న నాకు కొట్టడం నేర్పాడు అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఆ ముక్క కత్తిరించి షెడ్డులో అంటించుకున్నాను. పోయినేడు క్లబ్బులో పిల్లలందరికీ ఒక సినిమా వేశారు, చదరంగం ఆడే చిన్నపిల్ల, వాళ్ల కుటుంబం, అందరూ ఏడ్చి చివర్లో అందరూ కావలించుకునే రకం. సగంలో మా మిరియం నా చెవి దగ్గరకొచ్చి, ఆ పిల్లని వాళ్ల నాన్న ఎప్పుడు కొడతాడు అని అడిగింది. సినిమాల్లో అవన్నీ చూపించరులే అన్నాను. ఓహో అని తలూపి మళ్లీ తెర వైపు తిరిగింది. ఆ తలూపడం ఇప్పుడెందుకు గుర్తొస్తోందో, ఇది గుర్తు తెచ్చుకునే సమయమా.

పిల్ల మీద చెయ్యెత్తొద్దని మా ఆవిడ చెప్పని రోజు లేదు. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది, వారం పగలు, వారం సాయంత్రం. మొక్కై వంగనిది మానై వంగునా అని నేనంటే, రేకుకి నోరుండదు, పిల్లకుంటుంది, జాగ్రత్త అంటుంది. నోరుందా, ఎక్కడుంది, దెబ్బ పడితే కుయ్యిమనదు, కళ్లలో నీళ్లు కూడా పెట్టుకోదు, అలా చూస్తూ నిలబడుతుంది, ఆ చూపుకే నాకు రెండోది వెయ్యాలనిపిస్తుంది. ఒకసారి నా చెయ్యి మా ఆవిడ మీదికి కూడా లేచింది. తను వెనక్కి అడుగెయ్యలేదు, కాలుతున్న ఇస్త్రీపెట్టె నా ముఖానికి జానెడు దూరంలో పట్టుకుని, దించు అంది. దించాను. మళ్లీ ఆ వైపు వెళ్లలేదు. పిల్ల దగ్గర ఇస్త్రీపెట్టె లేదు, అంతే తేడా, నిజం చెప్పుకుంటే అంతకుమించి తేడా లేదు. నిజం ఎందుకు చెప్పుకుంటున్నానో తెలీదు, ఈ కుర్చీ ఊగడం ఆగితే ఇలాంటివి రావు.

ఇవాళ పొద్దున లాడ్జి గదిలో జరిగింది వేరు. అది నా తప్పు కాదు. నిన్న గెలిచే ఆట డ్రా చేసుకొచ్చింది, అరవై ఎత్తులు వాడి గొంతు మీద కాలు పెట్టి చివర్లో మంత్రులు మార్చేసుకుంది, పాలు పితికి నేల పాలు చేసినట్టు. ఎందుకు మార్చావని రాత్రి అడగలేదు, ఓర్చుకున్నాను, పొద్దున అడిగాను. భయమేసింది అంది. ఆ పిల్లాడంటేనా అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఎవరంటే భయమే అని మళ్లీ అడిగాను. నా వైపు చూసింది. చేతిలో మడత బోర్డు ఉంది, చెక్కది, బరువైంది, దాని చెయ్యి మంచం పట్టె మీద ఉంది. చప్పుడు చిన్నదే. రేకు మీద అయితే అంత చిన్న చప్పుడుకి సొట్ట కూడా పడదు. కుడిచేతి రెండు వేళ్లు పది నిమిషాల్లో ఉబ్బిపోయాయి, గోరు కింద నల్లబడింది. కుళాయి కింద నేనే పట్టాను, నేనే తుడిచాను, ఎవరైనా అడిగితే తలుపులో పడిందని చెప్పమన్నాను. హాలు గుమ్మంలో ఆర్బిటరమ్మ, పోటీకి తీర్పరి, బూడిదరంగు కోటు ఆవిడ, దాని చెయ్యి పట్టుకుని చూసింది, ఏమైందమ్మా అని మోకాళ్ల మీద కూర్చుని మరీ అడిగింది. తలుపు అంది మా మిరియం. ఒక్క మాట. ఏ తలుపు అని ఆవిడ మళ్లీ అడిగింది, దాన్ని కాదు, తలెత్తి నన్ను. లాడ్జిలో అన్నాను. ఆవిడ నన్నలాగే చూసింది, అలా చూసే ఆడవాళ్లని నేను ఎరుగుదును, ఇంట్లో ఒకావిడ ఉంది. ఇప్పుడు మా పిల్ల ఎడమచేత్తో పావులు జరుపుతోంది, ఎడమచేత్తో గడియారం నొక్కుతోంది, ఎడమచేత్తో కాగితం మీద ఎత్తులు రాస్తోంది. పదిహేనో ఎత్తు. ఏనుగుని అలా వదిలేసింది. దాన్ని కొడతాడు. కొట్టాడు. వాడు కొట్టినందుకు నా పళ్లు నూరుకుపోతున్నాయి, ఏనుగుని ఊరికే ఇచ్చేసిందా, చంకలో చెయ్యి బయటికొచ్చి కుర్చీ అంచుని పట్టుకుంది, కళ్లజోడాయన బిస్కెట్ నమలడం ఆపి నవ్వాడు. ఆ పళ్ల వరసని చూస్తే నాకు నా పద్దెనిమిదో ఏడు గుర్తొచ్చింది.

మా నాన్న నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు, అందుకే నేనిలా అయ్యాను. గడియారాలు బాగుచేసేవాడు, దూదిలాంటి చేతులు, నేను ఓడితే నవ్వి ఇంకో ఆట ఆడదామా అనేవాడు. ఆ మెత్తదనమే నన్ను ముంచింది. పద్దెనిమిదేళ్లప్పుడు నేనూ ఇలాంటి హాల్లో ఆఖరి ఆట ఆడాను. గెలిచే ఆట. ఎదుటివాడు గుర్రాన్ని ముట్టుకున్నాడు, వేళ్లు పూర్తిగా పడ్డాయి, తర్వాత వదిలేసి శకటు జరిపాడు. నేను చూశాను. చూసి ఊరుకుంటానా, ఒళ్లు మండి, వీడి సంగతి చెప్తానని నా పావు తీసి ఆడేశాను, ఆడాక ఆర్బిటర్‌ని పిలిచాను. ఆయన చల్లగా చెప్పాడు, బాబూ, నీ పావు ముట్టుకున్న తర్వాత ఎదుటివాడి తప్పు మీద ఫిర్యాదు చెల్లదు, ముందే పిలవాల్సింది అని. అప్పుడు వాడు నవ్వాడు, ఇదిగో ఈ పళ్ల వరసతో. బోర్డు ఎత్తి ముఖం మీద కొట్టాను, ముక్కు ఎముక విరిగింది, బోర్డు తెల్లగడుల నిండా నెత్తురు, నాలుగు గుద్దులు గుద్దాక గానీ నన్ను లాగలేకపోయారు. అంతే, ఇక ఏ పోటీకీ రానివ్వలేదు. మా నాన్న నన్ను ఇంటికి తీసుకెళ్లి, ముందు చెయ్యి కడుక్కో అన్నాడు. అందుకే మా మిరియానికి పావుల పేర్లకంటే ముందు ఇదే నేర్పాను, వందసార్లు అప్పజెప్పించాను. ఎదుటివాడు తప్పు చేస్తే ఏడవకు, అరవకు, తిట్టకు, నీ పావు మీద చెయ్యి వెయ్యకు. గడియారం ఆపు. చెయ్యెత్తు. ఆర్బిటర్ వచ్చేదాకా కదలకు. ఆయనొచ్చి సాక్ష్యం అడుగుతాడు, కాగితం మీద ఉన్నదే సాక్ష్యం, రాయనిది జరగనట్టే, ఒక్క ఎత్తు కూడా వదలకుండా రాయి. దేవుడి పాఠంలా నేర్చుకుంది.

ఇరవయ్యో ఎత్తు వచ్చేసరికి నాకు అనుమానం పట్టుకుంది, ఏనుగుని ఇవ్వడం మేమిద్దరం అనుకున్నదేనా, నేనే మర్చిపోయానా అని. దాని సంచీ నా కాళ్ల దగ్గరే ఉంది. వాళ్లమ్మ కొనిపెట్టిన నీలం అట్ట నోటుబుక్కు తీశాను. రోజూ అందులో ఏదో రాసుకుంటూ ఉంటుంది, మా షెడ్డుకొచ్చే ప్రతివాడికీ గొప్పగా చెప్పుకున్నాను, చూడండి, ఎవరూ చెప్పకుండా ఎలా సాధన చేస్తోందో అని. ముందు పేజీల్లో మేమనుకున్న ఆరంభాలే, ఏనుగుని ఇవ్వడం వాటిలో లేదు, అది దాని సొంత తెలివి, ఇప్పుడు టీవీలో చూస్తే అర్థమవుతోంది, పిల్లాడి రాజు బోర్డు నడిమధ్యలో ఇరుక్కుపోయాడు, కదలడానికి చోటు లేదు. నా మిరియం. ఒళ్లు పులకరించింది, ఆ పులకరింతలోనే నోటుబుక్కు చేతిలోంచి జారి కింద పడి వెనక వైపు నుంచి తెరుచుకుంది.

వెనక నుంచి ఇంకో ఆట రాసి ఉంది. పేజీకి రెండు వరసలు, ఎడమవైపు తెల్లపావుల ఎత్తులు, కుడివైపు నల్లపావులవి, వరస సంఖ్యలతో, ప్రతి ఎత్తు పక్కన తేదీ. కాని పావుల అక్షరాలు నాకు తెలిసినవి కావు. చె×బు. చె×వీ. బె×తొ. మధ్యలో ఆ ఇంటూ గుర్తు కొట్టడానికి వేసేది, అంతవరకు సరే, చె ఏ పావు, బె ఏ పావు. గడుగ్గాయి, ఎదుటివాళ్లకి దొరికినా అర్థం కాకుండా సొంత లిపి కనిపెట్టుకుందని మురిసిపోయాను, మురిసిపోతూనే పేజీలు తిప్పాను. ఒకటి కాదు, రెండు కాదు, నూట పదిహేడు ఎత్తులు. మొదటిది మూడేళ్ల కిందటి తేదీ, ఆఖరిది ఇవాళ్టి తేదీ. ఎడమచేత్తో రాసింది, అక్షరాలు వంకర్లు పోయాయి. బో×వే. బోర్డు, వేళ్లు. చె అంటే చెయ్యి. బె అంటే బెల్టు. బు బుగ్గ, వీ వీపు, తొ తొడ. మళ్లీ పైనుంచి చదివాను, ఈసారి ఆట చదివినట్టు గడగడా చదవగలిగాను, నేనే ఆడిన ఆట కదా. ఇవాళ్టిది తప్ప ప్రతి తేదీ మా ఆవిడ సాయంత్రం డ్యూటీ రోజే. కొన్ని ఎత్తుల పక్కన ప్రశ్న గుర్తు ఉంది, తప్పు ఎత్తుకి అలా వేస్తాం, కొన్నిటికి రెండు, అంటే ఘోరమైన తప్పు. మంచి ఎత్తుకి వేసే గుర్తు కోసం వెతికాను, సిగ్గు లేకుండా వెతికాను, ఒక్కటైనా మెచ్చుకుందేమో, ఆ దెబ్బవల్లే గెలిచానని ఎక్కడైనా రాసుకుందేమోనని. ఒకే ఒక్కటి ఉంది. నలభై మూడో ఎత్తు. చె అని రాసి, తర్వాత ఏమీ లేకుండా మంచి ఎత్తు గుర్తు. చెయ్యి లేచింది, పడలేదు. ఆ తేదీ నాకు తెలుసు, ఆ రోజు రేకు కోసుకుపోయి అరచేతికి నాలుగు కుట్లు పడ్డాయి, చెయ్యెత్తగానే కుట్లు లాగి నొప్పెట్టి దించేశాను. అది దయ అనుకుంది పిచ్చిది. ఆ సాయంత్రం నాకు మంచినీళ్లు తెచ్చిచ్చి పక్కన కూర్చుంది, ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

కోపమే వచ్చింది ముందు, అబద్ధమెందుకు, ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. తండ్రి మీద లెక్కలు రాస్తుందా, నేను పెట్టిన తిండి తిని, నేను తిప్పిన ఊళ్లు తిరిగి. పేజీలు చింపి నమిలి మింగేద్దామనిపించింది. కళ్లజోడాయన మెడ పట్టుకుని ఆ గోడకేసి కొడదామనిపించింది, ఆయనకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, అందుబాటులో ఉన్నాడు, అంతే, నా చేతికి ఎప్పుడూ అందుబాటులో ఉన్నవాళ్లే కావాలి. ఇంకో మాట కూడా తోచింది, తోచినందుకు సిగ్గుపడాలి, తప్పు రాసిందని. కుడివైపు వరస మొత్తం ఖాళీ. నూట పదిహేడు తెల్ల ఎత్తులు, ఒక్క నల్ల ఎత్తు లేదు, ప్రతి వరసలో మూడు చుక్కలు పెట్టి వదిలేసింది. ఆట అలా రాయరు. తెల్ల తర్వాత నల్ల ఆడాలి, ఆడకుండా ఊరుకునే హక్కు ఎవరికీ లేదు, ఇన్నేళ్లు నేర్పింది ఇదేనా అని తిట్టబోయి నోటుబుక్కు మీద అరచెయ్యి వేశాను. పెన్ను నొక్కి రాస్తుంది మా పిల్ల, కాగితం వెనక అక్షరాలు ఉబ్బి తేలాయి, చేతికి తగులుతున్నాయి. తడిమాను. చాలాసేపు తడిమాను. వేళ్ల కింద వరసగా సొట్టలు, ఒక్కొక్కటీ నా పనే, ఏ సుత్తికి ఏ సొట్టో నేను చెప్పగలను, దాని ఒంటి మీద ఒక్కనాడైనా ఇలా చెయ్యి పెట్టి చూశానా. ఎప్పుడో సాగిపోయింది రేకు. పొద్దున ఎవరంటే భయమని అడిగితే నా వైపు చూసింది, అదే జవాబు, ఆ జవాబుకే వేళ్లు విరగ్గొట్టాను. విరిగాయి. విరిగాయని నాకు తెలుసు, ఆ చిన్న చప్పుడు రేకుది కాదు, ఎముకది, పద్దెనిమిదేళ్లప్పుడు ఒకసారి విన్నాను. ఉబ్బాయని చెప్పుకుంటున్నాను పొద్దున్నుంచీ.

టీవీలో పిల్లాడు ఆఖరి అడ్డుగా బంటుని తోశాడు. అది అడ్డు కాదు. మంత్రిని ఒక్క గడి పక్కకి జరిపితే ఆటకట్టు, ఇంకో దారి లేదు, క్లబ్బులో చేరి నెల కాని పిల్లకైనా కనిపిస్తుంది. కళ్లజోడాయన మోకాలు ఆగిపోయింది, ఆయనకీ కనిపించింది. నేను లేచి అద్దం దగ్గరికి వెళ్లాను. మిరియం ఎడమచెయ్యి మంత్రి పైకి వచ్చింది, జానెడు ఎత్తున ఆగింది. ముట్టుకో. ముట్టుకో తల్లీ. కప్పు నీది, ఇక నిన్ను ముట్టుకోను, ఒట్టు, ఈ ఒట్టు ఇదివరకు వెయ్యలేదు, ముట్టుకుని జరుపు. చెయ్యి అలాగే గాల్లో ఉంది. ఎందుకు ఆగింది, కనపడలేదా, గుడ్డిదానివా, అని నా చెయ్యి తలుపు మీద బిగుసుకుంది, బిగుసుకున్నాక గానీ తెలీలేదు అది పిడికిలని. అద్దంలో ఆ పిడికిలి నా ముఖానికి అడ్డంగా కనిపించింది. అప్పుడు వచ్చింది నా గొంతే నా చెవుల్లోకి, వందసార్లు అప్పజెప్పించిన గొంతు. నీ పావు మీద చెయ్యి వెయ్యకు. వేశావా, ఇక ఫిర్యాదు చెల్లదు. ఖాళీ వరస ఎందుకు ఖాళీయో అప్పుడు తెలిసింది. అది ఆడటం చేతకాక వదిలెయ్యలేదు. మూడేళ్లుగా ఒక్క పావు ముట్టుకోకుండా కూర్చుంది.

ఎడమచెయ్యి మంత్రి మీంచి పక్కకి వెళ్లింది. గడియారం మధ్యలో మీట నొక్కింది. నా వెనక టీవీలో రెండు గడియారాలూ ఆగిపోయి ఉంటాయి, నేను తిరిగి చూడలేదు. తర్వాత కుడిచెయ్యి లేచింది, ఆ చెయ్యే, ఉబ్బిన వేళ్లు విడివిడిగా, వణకలేదు, నిటారుగా తలకంటే ఎత్తున. ఆర్బిటరమ్మ గబగబా వచ్చి బోర్డు మీదికి వంగింది. మిరియం బోర్డు చూపించలేదు. కుర్చీలో వెనక్కి తిరిగి నన్ను చూపించింది. ఏడవలేదు, అరవలేదు, చెప్పినట్టే చేసింది. పెదాలు కదులుతున్నాయి, ఒక వాక్యం, ఇంకో వాక్యం, దెబ్బ దెబ్బకీ నోరు లేదనుకున్న పిల్ల. ఆవిడ దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుంది, ఆ చెయ్యిని రెండు చేతుల్లోకి తీసుకుంది, నెమ్మదిగా ఒక్కో వేలూ తడిమి చూసింది, చూసి తలుపు వైపు తలెత్తింది. నీలం అట్ట నోటుబుక్కు నా చేతిలోనే ఉంది. సాక్ష్యం అడుగుతారు. చింపడానికి టైం ఉంది, పక్కనే చెత్తబుట్ట ఉంది, నా చేతులకి అది పెద్ద పని కాదు.

కళ్లజోడాయన నా పక్కకొచ్చి అద్దంలోంచి తొంగి చూశాడు. పాపం ఆయన ముఖంలో నిజమైన కంగారు ఉంది.

"గడియారం ఆపిందేంటండీ," అన్నాడు. "మావాడేమైనా తప్పు చేశాడా?"

ఆవిడ లేచి ఇటే వస్తోంది. నేను నోటుబుక్కుని వెనక వైపు నుంచి తెరిచి, మొదటి ఎత్తు పైకి కనపడేలా రెండు చేతులతో పట్టుకున్నాను.

"మీవాడు కాదండీ," అన్నాను.